వెల్స్ చెప్పిన అబద్ధాన్ని ఎడిట్ టేబుల్ మీద విప్పడం ఎలా

పెళ్లి వీడియోల్లో మూడు ముళ్లు పడుతున్నప్పుడు పెళ్లికూతురి అమ్మమ్మ కళ్లు ఒత్తుకునే షాట్ ఒకటి ఉంటుంది. చాలాసార్లు ఆ షాట్ అప్పుడు తీసింది కాదు. తాళి కట్టడం అయిపోయాక, హోమం దగ్గర, పొగ మొహమ్మీదికి కొడుతున్నప్పుడు తీసింది. ఎడిటర్ దాన్ని వెనక్కి లాక్కొచ్చి మంగళసూత్రం పక్కన అతికిస్తాడు. అమ్మమ్మ నిజం, కన్నీళ్లు నిజం, పెళ్లి నిజం. అబద్ధం ఉన్నదల్లా రెండు షాట్ల మధ్య అతుకులో. ఇంట్లోవాళ్లు ఆ వీడియో చూసి "పాపం, ఎంత ఏడ్చిందో" అనుకుంటారు. కొన్నాళ్లకి అమ్మమ్మా అదే చెబుతుంది.

నా పని ఆ అతుకులే. న్యూస్ ఛానల్లో ప్యాకేజీలు, అంటే చిన్న వార్తా కథనాలు, కోయడంతో మొదలుపెట్టి ఇప్పుడు డాక్యుమెంటరీలు చేస్తున్నాను, సీజన్‌లో పెళ్లిళ్లు వదలను. కొత్తగా ఎడిటింగ్‌లోకి వచ్చే పిల్లలు ఏ సినిమా చూడాలని అడిగితే ముందుగా అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన 'ఎఫ్ ఫర్ ఫేక్' చూడమంటాను. 1973 నాటిది, నిడివి దాదాపు 88 నిమిషాలు. దొంగ బొమ్మలు వేసేవాడి గురించి, దొంగ పుస్తకం రాసినవాడి గురించి, ఇద్దర్నీ చూపిస్తూ మనల్ని ఆడించే మూడోవాడి గురించి. దాన్ని ఎలా చూడాలో, చూశాక ఆ పద్ధతిలో సొంతంగా ఓ చిన్న సినిమా ఎలా కోయాలో ఇక్కడ రాస్తున్నాను. ఫోను, ఉచితంగా దొరికే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు.

మొదటిసారి చూసేటప్పుడు

ముందుగా ఏమీ చదవకండి. నలుగురి పేర్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే సినిమా వాళ్లని సావకాశంగా పరిచయం చేయదు, మీద పడేస్తుంది. ఎల్మీర్ ద హోరీ: హంగరీ నుంచి వచ్చి స్పెయిన్‌లోని ఇబీజా దీవిలో ఉంటున్న చిత్రకారుడు. మతీస్, మొడిగ్లియానీ, పికాసో వేసినట్టే బొమ్మలు వేయగలడు, వేశాడు కూడా. క్లిఫర్డ్ ఇర్వింగ్: అదే దీవిలో ఉండే అమెరికన్ రచయిత, 1969లో ఎల్మీర్ జీవితకథ పుస్తకంగా రాశాడు. ఓయా కోదార్: వెల్స్ సహచరి, నటి. నాలుగోవాడు నల్ల టోపీ, నల్ల కేపు వేసుకుని మధ్యమధ్యలో వచ్చి కబుర్లు చెప్పే వెల్స్ స్వయంగా.

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. వెల్స్ గొంతు గంభీరమే గానీ ఎల్మీర్ యాస పట్టుకోవడం కష్టం. యూట్యూబ్‌లో ముక్కలు ముక్కలుగా చూడొద్దు. ఈ సినిమాకి ముక్కలు చేసే ద్రోహం ఏమిటో తర్వాత చెబుతాను.

ఫోను దూరంగా పెట్టమని నేను అనను. పక్కనే పెట్టుకోండి. సినిమా మొదట్లో రైల్వే స్టేషన్లో ఓ పిల్లాడికి గారడీ చేసి చూపించాక, కాసేపటికి వెల్స్ మనవైపు తిరిగి ఒక మాట ఇస్తాడు. ఆ మాట వినగానే స్టాప్‌వాచ్ నొక్కి, ఫోను బోర్లించేయండి. ఎందుకని ఇప్పుడు అడగొద్దు.

మొదటి ఇరవై నిమిషాలు గందరగోళంగా ఉంటుంది. పార్టీలు, పేర్లు, ఎవరో ఒకరి మాట మధ్యలో ఇంకొకరు, బొమ్మ ఆగిపోవడం, మళ్లీ కదలడం. చాలామంది అక్కడే లేచిపోతారు. వెనక్కి తిప్పి చూడకండి. అర్థం కాని పేరు మళ్లీ వస్తుంది, ఆ మనిషి ముఖ్యమైతే మూడోసారి కూడా వస్తుంది. వీలైతే సినిమాలంటే పెద్దగా పట్టింపులేనివాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. మనలాంటివాళ్లం టెక్నిక్ చూస్తూ కథ వదిలేస్తాం. వాళ్లు కథ పట్టుకుని "అయితే ఇతను దొంగా కాదా?" అంటారు. సరైన ప్రశ్న అదే.

సినిమా చూడనివాళ్లు ఇక్కడితో ఆపేసి, చూసి రండి. కింద రాసినదంతా గుట్టు విప్పేదే.

స్టాప్‌వాచ్ సంగతి

వెల్స్ ఇచ్చిన మాట ఇది: వచ్చే గంటసేపు మా నోటి నుంచి మీరు వినేదంతా నిజమే, గట్టి ఆధారాలున్నదే. ఈ ప్రపంచంలో ఏ కథైనా దాదాపుగా అబద్ధమే గానీ ఈసారి మాత్రం కాదు, అని కూడా అంటాడు. మనం ఆ 'నిజం' అన్న మాట పట్టుకుని, 'గంట' అన్న మాట వదిలేస్తాం. చివర్లో కోదార్, ఆమె తాత, పికాసోల కథంతా చెప్పేసి, తాత శవం మీద దుప్పటి గాల్లోకి లేపి మాయం చేశాక, వెల్స్ చల్లగా చెబుతాడు: ఆ గంట ఎప్పుడో అయిపోయింది, గడిచిన 17 నిమిషాలుగా అబద్ధాలే చెబుతున్నాను.

స్టాప్‌వాచ్ నొక్కమన్నది అందుకే. తిప్పి చూస్తే మాట తప్పలేదు. ఇంద్రజాలికుల కథలు మనకి కొత్త కాదు. విక్రమార్కుడి సింహాసనం కథల్లో ఒకడు రాజు ముందు భార్యని వదిలి, దేవతల పక్షాన యుద్ధానికని పైకి వెళ్తాడు, కాళ్లూ చేతులూ తెగి పడతాయి, భార్య అగ్నిలో దూకుతుంది, తీరా వాడు నిక్షేపంగా తిరిగొచ్చి "నా పెళ్లామేది?" అని నిలదీస్తాడు. సభంతా నీరుగారిపోయాక అది కనికట్టని తేలుతుంది. రాజు బహుమతి ఇచ్చి పంపుతాడు. వెల్స్ అదే కులానికి చెందినవాడు, కాకపోతే గడువు ముందే చెప్పాడు. ఎడిటర్‌గా ఈ సినిమాలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ నిబంధన. మోసానికి కొలత ఉంది, అది ప్రేక్షకుడి చేతిలోనే పెట్టాడు.

రెండోసారి: పాజ్ మీద వేలు

రెండోసారి మొత్తం చూడక్కర్లేదు. ఎల్మీర్ తన నకిలీల మీద సంతకాలు చేశాడా లేదా అన్న ఘట్టానికి వెళ్లండి. ఒక్కదాన్ని పట్టుకుని ఓ సాయంత్రం కూర్చోవచ్చు.

ముందుగా ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చూద్దాం. మతీస్ శైలిలో బొమ్మ వేయడం నేరం కాదు, ఆర్ట్ కాలేజీ పిల్లలు రోజూ చేసే పనే. దాని మీద మతీస్ సంతకం పెట్టి, మతీస్ బొమ్మగా అమ్మితే నేరం. ఎల్మీర్ ఉన్న బొమ్మలకి నకళ్లు తీసేవాడు కాదు, ఆ చిత్రకారులు వేసి ఉండాల్సిన కొత్త బొమ్మలు వేసేవాడు. వాటిని అమ్మడానికి వేరే దళారులు ఉండేవారు. 1967లో డాలస్‌కి చెందిన ఆయిల్ కోటీశ్వరుడు ఆల్గర్ మెడోస్ తను కొన్న బొమ్మల్లో డజన్లకొద్దీ నకిలీలని తెలుసుకోవడంతో వ్యవహారం బయటపడింది. అందుకే ఎల్మీర్ "నేను సంతకం పెట్టలేదు" అన్న ఒక్క మాట దగ్గర కదలకుండా నిలబడతాడు.

ఇప్పుడు దృశ్యం చూడండి. ఎల్మీర్ పెట్టలేదంటాడు. కట్. ఇర్వింగ్ మొహం, ఏమీ అనడు. కట్. ఎల్మీర్. కట్. ఇర్వింగ్ మళ్లీ మౌనం. ఆ మౌనం ఎంతసేపు సాగుతుందో చూడండి, థియేటర్లో అయితే జనం నవ్వేస్తారు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకడి అబద్ధాన్ని ఇంకొకడు పట్టేసినట్టే ఉంటుంది.

పాజ్ చేసి ఇద్దరి వెనకాల ఏముందో చూడండి. గోడలు ఒకటి కాదు. వెలుతురు ఒకే వైపు నుంచి పడటం లేదు. ఇర్వింగ్ దగ్గర కోతి కూడా ఉంటుంది, ఎల్మీర్ వైపు ఆ కోతి తోక కూడా కనపడదు. రెండూ విడివిడిగా తీసిన ఇంటర్వ్యూలు. ఇర్వింగ్ ఏ ప్రశ్నకి అలా ఊరుకున్నాడో ఈ అతుకు మనకి చెప్పదు. కెమెరాలో రీలు మార్చేదాకా ఆగి ఉండొచ్చు, తర్వాతి ప్రశ్న కోసం చూస్తూ ఉండొచ్చు. న్యూస్‌లో పనిచేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. బైట్, అంటే కెమెరా ముందు ఒకరు చెప్పిన మాట, అయిపోయాక రిపోర్టర్ తల ఊపుతున్నట్టు రెండు షాట్లు తీసి పెట్టుకుంటాం, బైట్‌లో ఎక్కడ కోసినా ఆ తలూపుడు పెట్టి కప్పేస్తాం. వెల్స్ ఆ కప్పే షాట్‌నే కథగా మార్చాడు.

ఇప్పుడు సౌండ్ తీసేసి మళ్లీ చూడండి. కళ్ల దిశ మాత్రమే చూడండి. ఒకరు ఫ్రేముకి ఎడమవైపు, ఒకరు కుడివైపు చూస్తున్నంతసేపు మెదడు వాళ్లిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడుతుంది. గోడలు వేరని తెలిసాక కూడా కూర్చోబెడుతుంది.

ఈ రష్, అంటే కోయకముందు ఫుటేజి, అంతా వెల్స్ తీసింది కాదన్నది ఇంకో ముచ్చట. ఫ్రాంస్వా రైషెన్‌బాక్ అనే ఫ్రెంచి డాక్యుమెంటరీ దర్శకుడు టీవీ కోసం ఎల్మీర్ మీద తీసినది. ఆ సినిమాలో ఇర్వింగ్ పాత్ర ఏమిటి? నకిలీల గురించి పుస్తకం రాసిన మేధావి, నిపుణుడు. వెల్స్ ఆ ఫుటేజి తీసుకుని పని చేస్తుండగా కొంప మునిగింది. కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ తన ఆత్మకథని ఇర్వింగ్‌కి చెప్పి రాయించాడంటూ 1971 డిసెంబర్లో న్యూయార్క్ ప్రచురణకర్తలు ప్రకటించారు. హ్యూస్ ఏళ్ల తరబడి ఎవరికీ కనపడని మనిషి. బయటికొచ్చి కాదనడులే అన్నదే ఇర్వింగ్ ధీమా. హ్యూస్ రాసినట్టు ఇర్వింగ్ సృష్టించిన ఉత్తరాలని చేతిరాత నిపుణులు అసలైనవేనని ధ్రువీకరించారు కూడా. 1972 జనవరి 7న హ్యూస్ ఫోన్లో విలేకరులతో మాట్లాడి, ఆ మనిషి ఎవరో నాకు తెలియదన్నాడు. ప్రచురణకర్తలు హెచ్.ఆర్. హ్యూస్ పేరున ఇచ్చిన చెక్కులు ఇర్వింగ్ భార్య ఎడిత్ స్విట్జర్లాండ్ బ్యాంకులో హెల్గా ఆర్. హ్యూస్ అన్న పేరుతో తెరిచిన ఖాతాలో జమయ్యాయి. ఇర్వింగ్ 17 నెలలు జైల్లో ఉన్నాడు.

ఇప్పుడు ఆ పాత ఇంటర్వ్యూ సంగతి ఆలోచించండి. ఒక్క ఫ్రేము మారలేదు, కానీ నిపుణుడి బైట్ కాస్తా నిందితుడి బైట్ అయిపోయింది. నకిలీని పసిగట్టడం గురించి అతను చెప్పే ప్రతి వాక్యం వెనక ఇంకో అర్థం మొలిచింది. ఇలాంటప్పుడు చాలామంది ఎడిటర్లు కొత్త ఇంటర్వ్యూ కోసం పరిగెడతారు. వెల్స్ పాతదే ఉంచి దాని పక్కన పెట్టే షాట్లు మార్చాడు. ఎడిటింగ్‌కే దాదాపు ఏడాది పట్టిందంటారు. చూస్తే నమ్మబుద్ధి అవుతుంది. మీ హార్డ్‌డిస్కుల్లో ఉన్న పాత రష్ పారేయకండి అని నేను మొత్తుకునేది ఇందుకే.

వింటే చాలు అనిపించే చోట్లు

మూడోసారి తెరకి వీపు పెట్టి కూర్చోండి. 1938 అక్టోబర్ 30న వెల్స్ రేడియోలో మార్షియన్లు, అంటే అంగారక గ్రహవాసులు, భూమి మీదికి దండెత్తే నాటకాన్ని వార్తల బులెటిన్‌లా ప్రసారం చేశాడు. ఈ సినిమాలో ఆ ప్రసారం వినిపిస్తాడు. వినిపిస్తున్నది ఆనాటి రికార్డింగే అనుకుంటాం, ఆ పాత గరగర చప్పుడు వింటూ. అసలు ప్రసారం దొరుకుతుంది, పక్కన పెట్టుకుని వినండి. సినిమాలో ఉన్న మాటలు అందులో లేవు. అంటే నిజం చెబుతానన్న గంటలోపే ఒక నకిలీ దొర్లింది. ఆ రాత్రి దేశమంతా భయపడి రోడ్లెక్కిందన్న కథ కూడా పేపర్లు బాగా పెంచి రాసినదేనని తర్వాతి పరిశోధకులు తేల్చారు. మాట తప్పలేదని పైన రాశాను కదా, ఇక్కడ మాత్రం నేను వెల్స్ తరఫున వాదించను.

మధ్య దాటాక ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చి వస్తుంది. అప్పటిదాకా మిషెల్ లెగ్రాండ్ సంగీతంతో ఉరకలేసిన సినిమా అక్కడ ఆగుతుంది. దాదాపు 800 ఏళ్ల కిందట కట్టినది, కట్టినవాళ్ల సంతకం లేదు. ఆ భాగంలో ఒక నిమిషం తీసుకుని కట్‌లు లెక్కపెట్టండి. తర్వాత ఇబీజా పార్టీల్లో ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసుకోండి, మీ తర్వాతి ప్రాజెక్టులో ఎక్కడ ఆగాలో అవి చెబుతాయి. వెల్స్‌కి ఈ సంతకం గొడవ ఎందుకంటే, 1971లో పాలిన్ కేల్ అనే సమీక్షకురాలు వెల్స్ తీసిన 'సిటిజెన్ కేన్' సినిమా స్క్రిప్టు ఘనత అసలు వెల్స్‌ది కాదు, సహరచయిత మాంకివిచ్‌ది అని పెద్ద వ్యాసం రాసింది. ఆమె పేరెత్తకుండా ఇచ్చిన జవాబు ఈ సినిమా అని చాలామంది అంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది, నిపుణుల మీద అన్ని విసుర్లు ఊరికే రావు.

కిటికీలో పికాసో

సినిమా మొదట్లో కోదార్ పొట్టి గౌనులో వీధిలో నడుస్తుంటే దారిన పోయే మగవాళ్లు గుడ్లప్పగించి చూసే భాగం ఉంది. నాకది ఇబ్బందిగానే ఉంటుంది, అవసరానికి మించి సాగుతుంది, ఇప్పటి పిల్లలు మొహం చిట్లిస్తారు. అయినా స్కిప్ చేయకండి. ఆ మగవాళ్లందరూ నిజంగా ఆమెనే చూస్తున్నారా? ఆమె నడక ఒక షాట్, ఒకడి చూపు ఇంకో షాట్. రెండూ కలిపింది మనం. ఈ అలవాటు అక్కడ నేర్పించి, గంట తర్వాత వాడుకుంటాడు.

చివరి కథలో పికాసో కిటికీలోంచి కోదార్‌ని చూస్తాడు. రోజూ చూస్తాడు, పిచ్చెక్కుతాడు, ఆమెని కూర్చోబెట్టి 22 బొమ్మలు వేస్తాడు. బొమ్మలు తనకే ఇచ్చేయాలన్న షరతు మీద ఆమె కూర్చుంటుంది. తీరా ఎగ్జిబిషన్లో పెట్టినవి ఆమె తాత వేసిన నకిలీలు. ఒక్కో షాట్ దగ్గర పాజ్ చేయండి. పికాసో ఉన్నవన్నీ స్టిల్ ఫోటోలు. వాటి ముందు కిటికీ బద్దలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. కదిలేది బద్దలు, కదిలినట్టు అనిపించేది పికాసో కళ్లు. ఇద్దరూ కలిసి ఉన్న ఫ్రేము ఒక్కటీ దొరకదు. పికాసో 1973 ఏప్రిల్‌లో పోయాడు, ఒక్కరోజు కూడా ఈ సినిమా కోసం కెమెరా ముందుకి రాలేదు.

సినిమాలో చెప్పని మిగతా సంగతులు కొన్ని. ఎల్మీర్ తనది పెద్ద వంశమని చెప్పుకునేవాడు గానీ బుడాపెస్ట్‌లో పుట్టినప్పటి ఇంటిపేరు హాఫ్‌మన్. ఫ్రాన్స్‌కి అప్పగిస్తారని తెలిసి 1976 డిసెంబర్లో నిద్రమాత్రలు మింగి చనిపోయాడు. ఆ తర్వాత అతని నకిలీలకే నకిలీలు మార్కెట్లోకి వచ్చాయి. ఓయా కోదార్ కూడా పుట్టినప్పటి పేరు కాదు. అమెరికాలో విడుదల కోసం వెల్స్ దాదాపు 9 నిమిషాల ట్రైలర్ తయారుచేస్తే అందులో సినిమాలో లేని షాట్లే ఎక్కువ. పంపిణీదారుల మొహం ఊహించుకోండి.

ఇక మీరు కోయండి

ఏడు నిమిషాల సినిమా చాలు. విషయం కోసం బయటికి వెళ్లొద్దు. ప్రతి ఇంట్లోనూ గట్టిగా అడిగితే తడబడే కథ ఒకటి ఉంటుంది: తాతయ్య హార్మోనియం ఫలానా నాటక సమాజం వాళ్లిచ్చిందని, ఇత్తడి బిందె అడుగున ఉన్న పేరు ఎవరిదో పెద్దావిడదని. అలాంటి వస్తువు ఒకటి పట్టుకోండి. ఎవరి పరువుకీ, ఆస్తికీ, కులానికీ, ఓటుకీ సంబంధం లేని వస్తువు కావాలి. వీలునామా జోలికి మాత్రం పోకండి, అది సినిమా అవదు, కేసవుతుంది.

ఇద్దర్ని విడివిడిగా తీయండి, హార్మోనియం గురించి ఒకే ప్రశ్న అడిగి. పెదనాన్నని లెన్సుకి ఎడమవైపు చూడమనండి, అత్తయ్యని కుడివైపు. కెమెరా ఎత్తు ఇద్దరికీ ఒకటే. మాటలయ్యాక ఒక్కొక్కర్నీ ఊరికే అర నిమిషం వింటున్నట్టు కూర్చోమని చెప్పి తీయండి. చెప్పి తీయండి అన్నది ముఖ్యం. ఫోకస్ సర్దుకుంటున్నానని నాటకమాడి దొంగతనంగా తీస్తే, రేపు అత్తయ్య మీతో మాట్లాడదు. ఆ అర నిమిషమే మీ ఇర్వింగ్ మౌనం. పెదనాన్న "1958లో కొన్నాం" అనగానే అత్తయ్య మౌనం పెట్టి చూడండి. ఒక సెకను పెడితే గౌరవంగా ఉంటుంది. నాలుగు సెకన్లు పెడితే పెదనాన్న అబద్ధాలకోరు అయిపోతాడు. ఎక్కడ ఆపాలన్నది ఎడిటర్ మనస్సాక్షి.

మన ఇళ్లలో అతుకుని పట్టిచ్చేది బొమ్మ కాదు, ఫ్యాను. ఒక గదిలో ఫ్యాను గర్రుమంటుంది, ఇంకో గదిలో ఉండదు, కట్ పడిన ప్రతిసారీ చెవికి తెలిసిపోతుంది. రెండు చోట్లా ఫ్యాను ఆపేయండి, చెమటలు పట్టినా సరే. తర్వాత ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేసుకోండి. టైమ్‌లైన్‌లో ఒకే గది చప్పుడుని ఇద్దరి కిందా పొడుగ్గా పరిస్తే వాళ్లు ఒకే ఇంట్లో కూర్చున్నట్టే. అత్తయ్య గొంతు ఆమె మొహం కన్నా కాస్త ముందు మొదలవాలి, పెదనాన్న మొహం మీదే. అప్పుడు ఆయన ఆమె మాట వింటున్నాడు అనిపిస్తుంది.

పాత ఫోటో వాడాలనుకుంటే స్కాన్ చేసి జూమ్ చేయకండి, అందరూ చేసేదే. మ్యాట్ పేపర్ మీద ప్రింట్ తీయించి, గోడకి ఆనించి, పక్కనుంచి కిటికీ వెలుతురు పడేలా పెట్టి, దాని ముందు కర్టెన్‌నో కిటికీ రెక్కనో నెమ్మదిగా కదిలిస్తూ ఫోనుతో తీయండి. కిటికీలో పికాసో కిటుకు ఇంతే.

వాయిస్ ఓవర్లో మాట ఇవ్వండి: "వచ్చే నాలుగు నిమిషాల్లో మీరు వినేదంతా నిజం." అంకె స్పష్టంగా చెప్పండి, నొక్కి చెప్పకండి. నొక్కితే జనం గడియారం చూస్తారు. ఆ నాలుగు నిమిషాల్లో వచ్చే ప్రతి సంవత్సరం, ప్రతి పేరు కాగితంతో సరిచూసుకోండి. పెదనాన్న 1958 అన్నాడు, రసీదు మీద 1961 ఉంది అనుకోండి, రసీదు చూపించండి, ఆయన మాటా ఉంచండి. రేడియో దగ్గర వెల్స్ చేసింది మీరు చేయకండి. గడువులో ఒక్క అబద్ధం దొర్లినా చివర్లో మీ ఒప్పుకోలుకి విలువుండదు. నాలుగో నిమిషం దాటాక మీ ఇష్టం. కథ అల్లండి, ఆ హార్మోనియం వాయించిన నటిని పుట్టించండి. కానీ నిజంగా ఉన్న మనిషిని తీసుకుని చేయని పని చేసినట్టు అల్లొద్దు. వెల్స్ పికాసోతో చేశాడు, ఆ రోజులు వేరు, ఆ పికాసో వేరు.

గొంతులు, మొహాలు పుట్టించే ఏఐ యాప్‌లు వాడకండి. నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు. షాటే అబద్ధమైతే అతుకు చేసే పనేమీ ఉండదు, మీరు నేర్చుకునేదీ ఉండదు.

ఒప్పుకోలు ఎండ్ టైటిల్స్‌లో అక్షరాలుగా వేస్తే ఎవరూ చదవరు, ఫోను తీసేసుంటారు. కథ బాగా పండిన చోట, జనం ముచ్చటపడుతున్నప్పుడే, మామూలు గొంతుతో చెప్పండి: నాలుగు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. కన్ను కొట్టొద్దు, మ్యూజిక్ వేయొద్దు.

ముక్కల ద్రోహం అన్నాను కదా, అది ఇక్కడ. ఇలాంటి సినిమా నిజాయితీ అంతా దాని పొడవులో ఉంటుంది. చివరి మూడు నిమిషాల్లోంచి ఎవరో 40 సెకన్లు కోసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే మిగిలేది శుద్ధ అబద్ధం. ఒప్పుకోలు మీ దగ్గర, అబద్ధం ఊరంతా. అందుకని అబద్ధం భాగంలో ప్రతి ఫ్రేములోనూ ఏదో ఒకటి తప్పుగా పెట్టండి: గోడ గడియారం ఎప్పుడూ ఒకే టైం చూపించడం, లేదంటే కథ చెప్పే మీరు ఇంట్లో కూర్చుని కూడా హెల్మెట్ తీయకపోవడం. విడిగా కోసినా ఆ ముక్క తను అబద్ధమని తానే పట్టిచ్చేయాలి. అప్‌లోడ్ చేసేముందు అత్తయ్యకీ పెదనాన్నకీ మొత్తం చూపించి సరే అనిపించుకోండి.

రఫ్ కట్ అయ్యాక కథ తెలియనివాళ్లకి వేసి చూపించండి. మీరు తెర చూడొద్దు, వాళ్ల మొహాలు చూడండి. ఏ సెకనులో కనుబొమ్మ లేచిందో మార్కర్ పెట్టుకోండి. అయిపోయాక "ఏది నమ్మలేదు?" అని మాత్రమే అడగండి. చాలాసార్లు వేలు పెట్టేది మీరు రసీదుతో సహా చూపించిన నిజం మీదే, నటి కథ మీద కాదు. హెల్గా ఖాతా సంగతి మొదటిసారి విన్నప్పుడు మీరు కూడా అది కట్టుకథే అనుకుని ఉంటారు. ఆ నిజాన్ని తీసేయొద్దు. రసీదు క్లోజప్‌ని ఇంకో రెండు సెకన్లు పొడిగించి, మళ్లీ వేసి చూపించండి.